సలహా సంఘం స్టేషన్ మెట్లెక్కాలంటే

(బొజ్జా తారకం స్మారకోపన్యాస పాఠం)

కోనసీమలో కాట్రేనికోన దగ్గరున్న కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం న్యాయవాది, కవి, దళిత ఉద్యమ నాయకుడు. ఎమర్జెన్సీలో జైలు చూశారు. 1985లో కారంచేడు హత్యాకాండ జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని బాధితుల పక్షాన నిలిచారు. ఆయన పేరు వినగానే కొందరికి కోర్టు వాదనలు, కొందరికి 'నది పుట్టిన గొంతుక' కవితలు గుర్తొస్తాయి. ఆయనే రాసిన ఓ చిన్న పుస్తకం ఉంది, 'పోలీసులు అరెస్టు చేస్తే' అని. చట్టం చదువుకోని మనిషికి పోలీసుల ముందు తన హక్కులేమిటో వాడుక భాషలో చెప్పిన పుస్తకం. అలాంటి పుస్తకం రాయాల్సిన అవసరం ఒక కవికి ఎందుకొచ్చిందో కోనసీమ లంకల్లో, చెరువు గట్ల మీద బతికిన దళిత కుటుంబాలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ పుస్తకం ఒంటరిగా స్టేషన్‌కు వెళ్ళే మనిషిని సిద్ధం చేస్తుంది. దానికి కొనసాగింపుగా ఓ ప్రశ్న మిగిలింది. ఊరు ఊరుగా, పేట పేటగా స్టేషన్‌ను అడిగే వీలుందా? ఈ నెలలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, వాటిలో ఎన్ని ఎఫ్ఐఆర్లయ్యాయి, మా వీధికి బీటు కానిస్టేబులు ఎందుకు రావడం లేదు, ఫలానా రాత్రి మా కుర్రాణ్ణి ఏ కాగితం మీద తీసుకెళ్ళారు అని ఓ బల్ల చుట్టూ కూర్చుని, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించుకునే వీలు. పౌర సలహా సంఘాలంటే అసలు అర్థం అదే. గోదావరి డెల్టాలో పోలీసులకు, పౌరులకు మధ్య కమిటీలు లేవని ఎవరూ అనలేరు. కావలసినన్ని ఉన్నాయి. వాటి పని తీరే చూడాల్సింది.

మనకు బాగా తెలిసింది శాంతి కమిటీ. వినాయక చవితికి నాలుగు రోజుల ముందు, ఎన్నికలప్పుడు, ఏదైనా విగ్రహం దగ్గర గొడవ రేగినప్పుడు స్టేషన్ నుంచి ఫోన్లు వెళ్తాయి. సర్పంచి, మాజీ సర్పంచి, రైసు మిల్లు యజమాని, గుడి కమిటీ అధ్యక్షుడు, మసీదు కమిటీ పెద్ద, పాస్టరుగారు, ఒకరిద్దరు విలేకరులు వస్తారు. డీఎస్పీ మాట్లాడతారు. ఊరేగింపు ఎన్ని గంటలకు ముగించాలి, డీజే పెట్టకూడదు, నిమజ్జనం ఏ రేవులో చేయాలి అన్నవి చెబుతారు. అందరూ సహకరిస్తామంటారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఆ పండగ ప్రశాంతంగా గడిచిపోతే కమిటీ కూడా గడిచిపోయినట్టే. మళ్ళీ ఏడాదికి, మళ్ళీ గొడవకి.

ఈ సమావేశాల వల్ల మేలు జరగదని కాదు. ఎన్నో ఊళ్ళలో తలలు పగలకుండా కాపాడింది ఇవే. కానీ అక్కడ మాట ఒక్క దిక్కునే ప్రవహిస్తుంది, పోలీసు నుంచి ప్రజకి. పిలిచేది పోలీసు, ఎవరిని పిలవాలో ఎంచేది పోలీసు, విషయం నిర్ణయించేది పోలీసు. మాలపల్లె నుంచి వచ్చిన మనిషి లేచి, పోయిన నెల మా ఫిర్యాదు తీసుకోలేదేం అని అడిగే చోటు అది కాదు. అడిగితే, ఇప్పుడు ఆ సంగతెందుకండీ అని పక్కనున్న పెద్దమనిషే చొక్కా పట్టి కూర్చోబెడతాడు.

2000లో హెచ్.జె. దొర డీజీపీగా ఉండగా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 'మైత్రి' కార్యక్రమం మొదలుపెట్టింది. కాలనీల్లో, గ్రామాల్లో కమిటీలు వేసి జనంతో దూరం తగ్గించుకోవాలన్నది ఉద్దేశం. ఆ రోజుల్లో అది కొత్త ఆలోచనే. వేసిన అధికారి బదిలీ అయ్యాక ఆ కమిటీ ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేకపోయింది. చట్టంలో దానికి చోటు లేదు, సమావేశాలకు తేదీ లేదు, చెప్పిన సలహా విన్నారో లేదో తిరిగి చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి. వాటితో సచివాలయానికో మహిళా పోలీసు వచ్చింది. 2020 ఫిబ్రవరి 8న రాష్ట్రంలో తొలి దిశ పోలీసు స్టేషన్ రాజమహేంద్రవరంలోనే తెరిచారు. గడప దాకా పోలీసు రావడం మంచిదే. ఊళ్ళో సంగతులు స్టేషన్‌కు చేరే దారి దాంతో వెడల్పయింది. స్టేషన్ సంగతులు ఊరికి చేరే దారి మాత్రం అప్పటిలాగే ఇరుగ్గా ఉంది.

ఎందుకిలా ఉందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కంపెనీ పాలనలో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి రెగ్యులేషన్ గ్రామ పెద్దకే పోలీసు అధికారం ఇచ్చింది. మునసబు, ఆయన కింద తలారి, వెట్టి. పైన తహసీల్దారు. శిస్తు వసూలు చేసేదీ వాళ్ళే, దొంగను పట్టేదీ వాళ్ళే. శిస్తు కట్టలేని రైతునూ దొంగతనం అనుమానం ఉన్న కూలినీ ఒకే తీరున హింసించేవాళ్ళు. ఆ సంగతి లండన్ పార్లమెంటు దాకా వెళ్ళింది. 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా చిత్రహింసల విచారణ సంఘం వేశారు. దాని ముందుకు 1,959 ఫిర్యాదులొచ్చాయి. 519 మంది స్వయంగా హాజరయ్యారు. వందల మైళ్ళు నడిచి మద్రాసు చేరుకున్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. 1855లో వచ్చిన ఆ నివేదికను రెండేళ్ళ తర్వాత కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో ఉటంకించాడు. రైలు లేని కాలంలో, చేతిలో చిల్లిగవ్వ లేని మనుషులు తమ మాట వినే చోటొకటి ఉందని తెలిసి అంత దూరం నడిచారు. మన పోలీసు చరిత్రలో అంతకన్నా పెద్ద పౌర సాక్ష్యం మరొకటి కనబడదు.

ఆ నివేదిక వచ్చిన నాలుగేళ్ళకు 1859 నాటి 24వ చట్టం వచ్చింది. శిస్తు శాఖ నుంచి పోలీసును విడదీసి, జిల్లా సూపరింటెండెంటు కింద జీతం తీసుకునే దళంగా మార్చింది. మరో రెండేళ్ళకు 1861లో దేశంలోని చాలా ప్రాంతాలకు పోలీసు చట్టం వచ్చింది. హింస తగ్గించడానికి వేసిన మందు ఇది. అందులో రైతు, కూలి, సాక్షి ఎక్కడా లేరు. కానిస్టేబులు హెడ్డుకు, హెడ్డు ఇన్‌స్పెక్టరుకు, ఇన్‌స్పెక్టరు సూపరింటెండెంటుకు, ఆయన మద్రాసుకు జవాబు చెప్పాలి. మద్రాసుకు నడిచి వెళ్ళి సాక్ష్యం చెప్పిన ఆ 519 మందికి జవాబు చెప్పాలని ఏ సెక్షనూ అనలేదు. ఆంధ్ర ప్రాంతపు చట్టాల జాబితాలో 1859 నాటి ఆ చట్టం మార్పులు చేర్పులతో ఇంకా నిలిచే ఉంది.

కొత్త దళం వచ్చిన ఇరవై ఏళ్ళకే, 1879లో, గోదావరి జిల్లా ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేచింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, మైదానపు వర్తకుల ఏకపక్ష డిక్రీలతోపాటు పోలీసుల వసూళ్ళు కూడా దానికి కారణమని హెమింగ్వే 1907లో రాసిన గోదావరి గెజిటీరే ఒప్పుకుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది. మన్యం మనిషికి ప్రభుత్వం ముఖం ఎక్కడ కనిపించేదో ఆ మూడు పేర్లే చెబుతాయి.

పాత గ్రామ పోలీసే నయమని ఈ కథ విని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మునసబు ఊళ్ళో బలవంతుడి మనిషి, చాలాచోట్ల ఆ బలవంతుడే మునసబు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు డెల్టాలో పల్లెలు ఊపిరి పీల్చుకున్నది అందుకే. స్థానికులకు చోటివ్వండి అని నేడు అడిగేవాళ్ళు స్థానికుల్లో ఎవరికి అన్న ప్రశ్నను కూడా అదే గొంతుతో అడగాలి. తారకం జీవితమంతా అడిగింది ఆ ప్రశ్నే.

సంక్రాంతి కోడిపందేలను తీసుకుందాం. 1974 నాటి జూద నిరోధక చట్టం ప్రకారం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అవి నేరం. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు వాటిని అడ్డుకోవాలని చెబుతూ మండలానికో తనిఖీ బృందం వేయమంది. తహసీల్దారు, ఎస్సైలతోపాటు జంతు సంక్షేమం చూసే బయటి ప్రతినిధులూ ఉండాలంది. పోలీసు చర్య మీద పౌరుడి కన్ను ఉండాలని న్యాయస్థానమే చెప్పిన సందర్భం అది. ప్రతి జనవరిలో భోగి నాటికల్లా భీమవరం చుట్టుపక్కలా కోనసీమలోనూ బరులు లేస్తున్నాయి, టెంట్లు, ఫ్లడ్‌లైట్లు, పక్కనే గుండాట బల్లలతో సహా. బరి వేసే చోటు ఎవరిది, వేయించేది ఎవరు, మొదటి పందెం చూడడానికి వచ్చే అతిథి ఎవరు అని ఊళ్ళో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. శాంతి కమిటీ జాబితా తెరిస్తే అందులో సగం పేర్లు అవే. మూడు రోజుల్లో రెక్కల కష్టం పోగొట్టుకున్న కౌలురైతు భార్యను ఏ కమిటీకీ ఎవరూ పిలవరు. స్టేషన్‌కు సలహా చెప్పే హక్కు ఎవరికన్నా ఉంటే ముందు ఆమెకుండాలి.

2017 ఏప్రిల్‌లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టిన తర్వాత జరిగింది మరింత బాధపెట్టే సంగతి. చెరువు దగ్గర ఇతర నాయకుల విగ్రహాల సరసన దాన్ని నిలపడం గొడవైంది. దళితులను పొలం పనుల్లోకి పిలవడం మానేశారు, కౌలుకిచ్చిన భూములు వెనక్కి తీసుకున్నారు. ఊరు ఊరంతా కలిసి చేసే వెలి అది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. అధికారులు పెద్దలను కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించారు. వెలి వేసినవాళ్ళే పెద్దలైన చోట పెద్దలతో వేసిన కమిటీ రాజీ ఎవరి పక్షాన కుదురుస్తుందో ఊహించడం కష్టం కాదు.

స్టేషన్ లోపల ఏం జరుగుతుందన్నది ఇంకో సంగతి. 2020 జూలైలో, అప్పటి రాజమహేంద్రవరం అర్బన్ పోలీసు జిల్లాలోని సీతానగరం స్టేషన్‌లో, ఇసుక లారీ విషయంలో జరిగిన గొడవ తర్వాత ఓ దళిత యువకుడికి శిరోముండనం చేశారు. స్టేషన్ నాలుగు గోడల మధ్య, చట్టం కాపలాలో. ఎస్సైని సస్పెండ్ చేశారు, కేసు పెట్టి అరెస్టు చేశారు. ఫిర్యాదు రాష్ట్రపతి కార్యాలయం దాకా వెళ్ళింది. అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలోనే 1996 డిసెంబరు 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి ఇద్దరికి శిరోముండనం చేసిన కేసులో విశాఖ కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. 27 ఏళ్ళు దాటాయి. ఇంత కాలం పట్టే న్యాయం కోసం ఎదురుచూసే మనిషికి, ఆ రాత్రే స్టేషన్ తలుపు తట్టి లోపలున్నవాణ్ణి చూపించండి అని అడిగే అధికారం ఊళ్ళో ఎవరికైనా ఉంటే ఎంత తేడా!

ఇంగ్లండులో అలాంటి అధికారం ఉంది. 1981లో లండన్ బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి యువకులకూ పోలీసులకూ మధ్య జరిగిన అల్లర్ల మీద లార్డ్ స్కార్మన్ నివేదిక రాశారు. బయటి పౌరులు ముందుగా చెప్పకుండా వచ్చి లాకప్‌లు తనిఖీ చేయాలని సూచించారు. మొదట స్వచ్ఛందంగా మొదలైన ఆ పద్ధతికి 2002లో చట్టబద్ధత వచ్చింది. మామూలు ఉద్యోగులు, గృహిణులు, రిటైరైనవాళ్ళు ఇద్దరేసి జంటగా ఏ వేళనైనా స్టేషన్‌కు వెళ్ళి, లోపలున్నవాళ్ళతో మాట్లాడి, తిండి పెట్టారా, డాక్టరును పిలిచారా, ఇంటికి కబురు చేశారా అని చూసి నివేదిక రాస్తారు. కేసు ఏమిటన్నది వాళ్ళు అడగరు. అమెరికాలోని షికాగో నగరం ఇంకో అడుగు ముందుకేసి 22 పోలీసు డిస్ట్రిక్టులకు ముగ్గురు చొప్పున పౌర మండళ్ళను 2023 ఫిబ్రవరిలో ఓట్లతో ఎన్నుకుంది. మన దగ్గర ఆ పని చేస్తే పార్టీల రంగు అంటకుండా ఆపడం అసాధ్యం. ఇంగ్లండు పద్ధతి మాత్రం అమలాపురంలోనైనా ఆకివీడులోనైనా రేపు మొదలుపెట్టొచ్చు.

మన దేశంలోని ఇతర రాష్ట్రాల అనుభవం మరింత దగ్గరిది. తమిళనాడులో 1993లో రామనాథపురం ఎస్పీగా ఉన్న ప్రతీప్ ఫిలిప్ 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' ప్రారంభించారు. రాష్ట్రమంతా పాకింది, ఎంతో పేరొచ్చింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళం స్టేషన్‌లో హింసకు గురై తండ్రీకొడుకులు చనిపోయిన ఘటనలో ఆ స్వచ్ఛంద సభ్యుల మీదా ఆరోపణలొచ్చాయి. జూలైలో ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది. పోలీసుకు స్నేహితుడిగా చేరిన పౌరుడు మెల్లగా పోలీసుకు సహాయకుడవుతాడు, ఆ తర్వాత లాఠీ లేని పోలీసవుతాడు. బీటు తిరగడం, ట్రాఫిక్ చూడడం, రాత్రి గస్తీ వంటివి సలహా సంఘం పనులు కాకూడదని సాత్తాన్‌కుళం గట్టిగా చెబుతోంది.

కేరళలో 2008 మార్చిలో 20 స్టేషన్లతో మొదలైన జనమైత్రి సురక్షా పథకం ఇంకాస్త జాగ్రత్తగా నడిచింది. బీటు అధికారి ఇంటింటికీ వెళ్ళి పరిచయం చేసుకోవాలి, స్టేషన్‌కో సమితి ఉండాలి, అందులోకి రాజకీయ పార్టీల పదవుల్లో ఉన్నవాళ్ళను తీసుకోకూడదు. మహారాష్ట్రలో భివండీ కథ ఇంకా పాతది. 1970లో, 1984లో మత కలహాలతో తగలబడిన ఆ మరమగ్గాల ఊళ్ళో సురేశ్ ఖోప్డే అనే డీసీపీ 1988 నుంచి మొహల్లా కమిటీలు కట్టారు. రెండు మతాలవాళ్ళనూ గొడవ లేని రోజుల్లోనే ఒకచోట కూర్చోబెట్టారు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత పక్కనే ఉన్న బొంబాయి మండుతుంటే భివండీ నిలబడింది.

గొడవ లేని రోజుల్లో అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అమలాపురం కళ్ళముందుంది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టారు. మే 24న ఆ పేరును వ్యతిరేకించినవాళ్ళ ఊరేగింపు హింసగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు తగలబడ్డాయి. జిల్లా ఎస్పీ సహా పోలీసులకు గాయాలయ్యాయి. జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. సెల్‌ఫోన్ సిగ్నలు కోసం జనం గోదావరి పాయ దాటి పక్క జిల్లాకు వెళ్ళాల్సి వచ్చింది. అభ్యంతరం ఉన్నవాడికి కలెక్టరేటులో అర్జీ ఇచ్చే చోటుంది. ఆనందించినవాడికి పాలాభిషేకం చేసుకునే చోటుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పోలీసు అధికారి వింటుండగా మాట్లాడుకునే చోటు ఆ ఆరు రోజుల్లో ఎక్కడుంది? సంఘం ఉన్నంత మాత్రాన మంటలు లేచేవి కావని చెప్పడం అతిశయోక్తే అవుతుంది. కానీ వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరుగుతోందో ప్రతి వీధికీ తెలుసు. ఆ తెలివిడి వీధి నుంచి స్టేషన్‌కు, భయం లేకుండా, పేరు పెట్టి చెప్పగలిగే నమ్మకం మీద చేరాలి. నెలనెలా కూర్చున్న చోటే ఆ నమ్మకం పుడుతుంది. 2020 సెప్టెంబరులో అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయాక గ్రామ రక్షణ దళాలు వేశారు, 2021 జనవరిలో జిల్లాకో మత సామరస్య కమిటీ ప్రకటించారు. ప్రతిసారీ కాలాక వేస్తున్నాం.

సలహా మండలి అంటే డెల్టా రైతుకు కొత్త సంగతి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు కడతారు అన్నదే ఇక్కడ బతుకు. ఏటా జిల్లా సాగునీటి సలహా మండలి కూర్చుంటుంది. ఐఏబీ మీటింగు అంటే ఊళ్ళో చదువు రాని ముసలాయనకూ తెలుసు. సీలేరు నుంచి ఎంత నీరు వస్తుంది, దాళ్వాకు ఎన్ని ఎకరాలకు ఇవ్వగలం, మరమ్మతుల కోసం కాలువలు ఏ తేదీన కట్టేయాలి అన్నవి ఇంజనీర్లు అంకెలతో చెప్పాలి. శివారు రైతు లేచి నిరుడు మా తూము దాకా నీరు రాలేదని నిలదీస్తాడు. తీర్మానం తేదీతో సహా పేపర్లో వస్తుంది. 1997 చట్టంతో నీటి సంఘాలకు ఎన్నికలూ వచ్చాయి. ఈ మండలి అన్నీ సరిగ్గా చేస్తుందని ఎవరూ అనరు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతు పంట విరామం ప్రకటించాడంటే తన మాట చెల్లలేదన్న కోపం అందులో ఉంది. అయినా ఇంజనీరు రైతుకు జవాబు చెప్పాలన్న నియమం ఇక్కడి జనానికి అలవాటైపోయింది. పంట నీటి మీద ఉన్న హక్కు లాకప్‌లో ఉన్న బిడ్డ మీద ఎందుకుండకూడదు?

చట్టంలో దారులు లేక కాదు. ప్రకాశ్‌సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు రాష్ట్రంలోనూ జిల్లాల్లోనూ పోలీసుల మీద ఫిర్యాదులు వినే ప్రాధికార సంస్థలు పెట్టమంది. 2021లో మన రాష్ట్రంలో ఆ సంస్థకు నియమించిన చైర్మన్ విషయంలో హైకోర్టు జోక్యం చేసుకుని ఆ నియామకాన్ని నిలిపేసింది. అదే 2006లో సోలీ సొరాబ్జీ కమిటీ రాసిన నమూనా పోలీసు చట్టం స్టేషన్‌కో పౌర బృందం ఉండాలని, మూడు నెలలకోసారైనా కూర్చోవాలని, ఆ సమావేశాలకు ఎవరైనా రావచ్చని చెప్పింది. అది నమూనాగానే ఉండిపోయింది. సాంఘిక సంక్షేమ శాఖ ఫైళ్ళలో ఇంకో సంఘం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు, 1995లోని 17వ నిబంధన ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. ఎస్పీ అందులో సభ్యుడు. దళిత, గిరిజన పౌర సభ్యులూ ఉండాలి. ఎస్పీ ఎదురుగా కూర్చుని కేసుల లెక్క అడిగే హక్కు చట్టమే ఇచ్చిన చోటు అది. ప్రతి నెలా 30న ఒక ఊళ్ళో పౌర హక్కుల దినం జరపాలన్న ఆనవాయితీ కూడా ఉంది. ఈ రెంటినీ మొక్కుబడిగా కాకుండా నడిపితే సలహా సంఘం సగం పుట్టినట్టే.

2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టమంది, రికార్డు 18 నెలలు దాచమంది. వాటిని చూసుకునే జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్పీలతోపాటు పట్టణంలోనైతే మేయరు, పల్లెల్లోనైతే జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ ఉండాలంది. ప్రజలు ఎన్నుకున్న మనిషికి లాకప్ వరండా చూసే అధికారం వచ్చిందన్నమాట. డెల్టాలో ఓటు అడగడానికి వచ్చే ఏ నాయకుణ్ణయినా, మీరు ఆ కమిటీకి ఎన్నిసార్లు వెళ్ళారని అడగవచ్చు. అడగాలి.

ఇక స్టేషన్ సంఘం ఎలా ఉండాలి? పేర్లు ఎస్సై రాసివ్వకూడదు. ఓటర్ల జాబితాలోంచి చీటీ తీసి కొందరిని, డ్వాక్రా సమాఖ్యలు, మత్స్యకార సంఘం, ఆటో స్టాండు, వ్యవసాయ కూలీ సంఘం పంపినవాళ్ళను కొందరిని తీసుకోవచ్చు. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. దళితవాడల వాటా జనాభా వాటాకు తగ్గకూడదు. పార్టీ పదవుల్లో ఉన్నవాళ్ళు వద్దు. నేర చరిత్ర ఉన్నవాళ్ళు వద్దు అనేటప్పుడు మాత్రం మెలకువగా ఉండాలి. రౌడీ షీటు అనేది కోర్టు శిక్ష కాదు, స్టేషన్‌లో తెరిచే కాగితం. కూలి రేటు కోసం, ఇళ్ళ స్థలాల కోసం నిలబడ్డ కార్యకర్తల మీద కూడా అవి ఉన్నాయి. కోర్టు వేసిన శిక్ష ఒక్కటే అనర్హత కావాలి, లేకపోతే గొంతున్నవాడు గుమ్మంలోనే ఆగిపోతాడు.

సంఘం చేయకూడని పని ఇంకొకటుంది. భూమి తగాదాలు, అప్పులు, మొగుడూపెళ్ళాల గొడవలు స్టేషన్‌లో పంచాయితీ పెట్టి తేల్చడం మన జబ్బు. లంక భూముల సరిహద్దు ఏటా వరదకు మారుతుంది, ప్రతి మార్పూ ఎస్సై బల్ల ముందు తేలుతుంది, బలమున్నవాడి వైపే తేలుతుంది. సలహా సంఘం ఆ పంచాయితీకి రెండో బెంచీ అయితే పుట్టకపోవడమే మేలు. ఏ ఒక్క కేసు దర్యాప్తులోనూ అది వేలు పెట్టకూడదు. లెక్కలు అడగాలి. 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఎఫ్ఐఆర్ తప్పనిసరి అంది, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహిత ఏ స్టేషన్‌లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలంటోంది. మరి మన స్టేషన్‌లో వచ్చిన కాగితాలెన్ని, నమోదైనవెన్ని, రసీదు ఇచ్చినవెన్ని? ఇవి రైటరు పుస్తకంలో ఉండే అంకెలే, రహస్యాలు కావు.

నిజాయితీగా పనిచేసే ఎస్సైకి ఇది భారం కాదని కూడా చెప్పాలి. సిబ్బంది సగం బందోబస్తుల్లో ఉంటారు, జీపుకి డీజిలుండదు, పైనుంచి ఫోను, పక్కనుంచి ఫోను. వచ్చిన ఫోనుకు, ఈ సంగతి నెల సమావేశంలో మినిట్స్‌కెక్కుతుందండీ అని జవాబు చెప్పగలిగితే అతనికి అది పెద్ద అండ. ఒత్తిడి తెచ్చేవాళ్ళు నలుగురు, అడిగేవాళ్ళు ముప్పై మంది అయినప్పుడు ముప్పై మంది పక్షాన నిలబడడం తేలిక.

రాజమహేంద్రవరానికి ఈ పని మొదలుపెట్టడానికి ఓ తేదీ కూడా ఉంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలి రోజు పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. వేలమంది పోలీసులున్నారు, కెమెరాలున్నాయి. విచారణకు జస్టిస్ సోమయాజులు కమిషన్ వేశారు. ఏ సందు ఏ వేళకు బిగుస్తుందో ఘాట్ పురోహితులకు, పడవ నడిపేవాళ్ళకు, పారిశుధ్య కార్మికులకు, గోదావరి గట్టు మీద పూలమ్మే ఆడవాళ్ళకు తెలుసు. మళ్ళీ పుష్కరాలు 2027లో. బందోబస్తు పథకం ఫైలు మీద సంతకం పడక ముందే నగరంలోని ప్రతి స్టేషన్ పరిధిలో ఈ మనుషులను పిలిచి, పటం బల్ల మీద పరిచి, వాళ్ళు చెప్పింది రాసుకుని, ఏది ఒప్పుకున్నారో ఏది ఎందుకు కాదన్నారో ఘాట్ల దగ్గర బోర్డు మీద అంటించాలి. ఆ సంఘాన్ని పన్నెండు రోజులు అయిపోగానే రద్దు చేయకుండా, తర్వాతి నెల సమావేశానికి తేదీ అప్పుడే వేయాలి.